వంతెన కింది వియ్యంకుడు

మార్చి 4

బావకి,

మంచం మీద పడుకుని కూడా ఇంటిని పరుగులు పెట్టిస్తున్న నీకు నీ బావమరిది వంగి దండం పెడుతున్నాడు. వంగడం నాకు వచ్చు, నీకే ప్రస్తుతానికి రాదు. తుంటి ఎముక అతుక్కునేదాకా నేనేమన్నా నువ్వు లేచి వచ్చి కొట్టలేవు కాబట్టి ఈ మూడు నెలలూ నా నోటికి సెలవుల్లేవు.

క్షేమంగా చేరాను. చేపలు పట్టడానికి వచ్చేవాళ్ళు దిగే పెద్ద కొయ్య ఇల్లు ఇది. జనం రావడం మొదలయ్యేలోగా వీళ్ళ చిరిగిన గుడారాలూ, వానకోట్లూ, నీళ్ళలో దిగేటప్పుడు తొడుక్కునే రబ్బరు ప్యాంట్లూ బాగుచేయాలి. నాకు వెనకవైపు బాయిలరు పక్క గది ఇచ్చారు. ఒక కిటికీ, ఒక మిషను, ఒక బల్ల, చుట్టూ కొక్కేలకి వేలాడే నలభై రబ్బరు ప్యాంట్లు. పొద్దున కళ్ళు తెరిస్తే నలభై మంది నడుము కింది భాగాలు నన్ను పరామర్శించడానికి వచ్చి నిలబడ్డట్టు ఉంటుంది. ఫోను ఇక్కడ గడియారంగా మాత్రమే పనికొస్తోంది, సిగ్నలు లేదు. వారానికి రెండుసార్లు వ్యాను వచ్చి ఉత్తరాలు పట్టుకెళ్తుంది.

ఇక్కడి మేనేజరు ఎప్పుడు చూసినా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని తిరుగుతాడు. గుండీ కుట్టమని కోటు ఇచ్చాడు. గుండీతో పాటు రెండు జేబుల మూతులూ కుట్టేసి ఇచ్చాను. పాపం, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పొద్దున్నించీ అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు.

నువ్వు పంపిన పెట్టె విప్పాను. తొమ్మిదడుగుల కర్ర నాలుగు ముక్కలుగా ఉంది, రీలు ఉంది, పచ్చగా లావుపాటి తాడు ఉంది. చిన్న డబ్బాలో చచ్చిన పురుగులు కనిపిస్తే విదిలించబోయాను. దగ్గరగా చూస్తే పురుగులు కావు, చీమంత గాలానికి ఈకా దారమూ చుట్టి చేసిన ఈగలు. చుట్టింది నువ్వేనట. వానపామునో పిండినో గుచ్చి చేపల్ని పట్టేవాళ్ళు కనీసం తిండైనా పెడుతున్నారు. నువ్వు ఈక చూపించి ఈగ అంటున్నావు. ఇంత పెద్ద మోసాన్ని పెట్టెలో దాచుకుని ముప్పై ఏళ్ళుగా నన్ను మోసగాడంటావా?

పెట్టె ఎందుకు పంపావో మాత్రం చీటీ పెట్టలేదు. నేను టైలర్ని. నీళ్ళంటే నాకు ఇస్త్రీకి ముందు చిలకరించేవి.

అక్కని అడిగానని చెప్పు. నీకు పెట్టే తిండిలో ఉప్పు తగ్గించమని కూడా చెప్పు.

ఇట్లు, నీ ఆరోగ్యం చూసి ఓర్వలేని
బావమరిది

మార్చి 10

ఏరా,

నీ ఉత్తరం నేను సగం చదివేలోపే మీ అక్క లాక్కుంది. ప్యాంట్ల దగ్గర ఒకసారి నవ్వింది, ఉప్పు దగ్గర రెండుసార్లు. ఆ పూట నిజంగానే ఉప్పు వేయలేదు.

పెట్టె ఎందుకో చెబుతాను. ఇది మీ అక్కకి కూడా సరిగా చెప్పలేదు.

నువ్వున్న ఇంటికి కొంచెం దిగువన పాత రాతి వంతెన ఉంది కదా, దాని మూడో స్తంభం మీద తెల్ల గీతలు కనిపిస్తాయి. ముప్పై ఏళ్ళు పొద్దునా సాయంత్రమూ ఆ గీతలు చూసి నీటిమట్టం పుస్తకంలో రాయడమే నా ఉద్యోగం. ఏడేళ్ళ క్రితం ఒక సాయంత్రం గీత చూస్తూ ఉంటే గీత కింద ఉన్న నీడ కదిలింది. అది నీడ కాదు, ట్రౌటు చేప. నేను నిలబడే ఉన్నాను. ఆ పూట పుస్తకంలో అంకె వేయడం మరిచిపోయాను. నా ఉద్యోగం మొత్తంలో ఖాళీగా ఉన్న గడి అదొక్కటే.

అప్పటి నుంచి మూడుసార్లు నా ఈగని అందుకుంది, మూడుసార్లూ వదిలించుకుంది. మొన్న శరత్కాలంలో దాని కోసమే దిగుతూ జారాను.

డాక్టరు రోజుకి వందడుగులు వేయమన్నాడు. నిన్న పన్నెండు వేశాను. మీ అక్క పక్కన నడుస్తూ పైకి లెక్కపెడుతుంది. ఒక్కో అడుగుకీ ప్రాణం పోయి వస్తుందిరా. ఎదుటి గోడ దాకా వెళ్ళి, వాకరు పట్టుకుని, ఎందుకొచ్చిన నడక అని నన్ను నేనే అడుక్కుంటాను. నాకు దొరికే జవాబు ఒక్కటే. అది అక్కడ ఉంటే నేను వెళ్ళాలి. లేకపోతే ఈ గదిలో ఆ గోడకీ ఈ గోడకీ మధ్య నాకేం పని?

చలికాలం దాటిందో లేదో చూసి రాయి. పట్టక్కర్లేదు. కాని ఊరికే తొంగిచూస్తే కనిపించదు, ఈగకి తప్ప పైకి రాదు. అందుకే పెట్టె.

విసరడం ఇలా. మామూలు గాలంలో సీసం ముక్క బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇందులో ఈగకి బరువే లేదు, బరువంతా తాడుది. నువ్వు విసిరేది తాడుని, ఈగ దాని వెంట వస్తుంది. కర్రని గడియారం ముల్లనుకో. వెనక్కి ఎత్తి ఒంటిగంట దగ్గర ఆపు. తాడు నీ వెనక పూర్తిగా సాగేదాకా ఆగు. ఆ ఆగడమే విద్య. ఆ తరవాత ముందుకు తెచ్చి పదింటి దగ్గర ఆపు. పుట్టినప్పటి నుంచి ఎక్కడా ఆగినవాడివి కాదు కాబట్టి ముందు గడ్డిలో, గాలం తీసేసి, ఊలు ముక్క కట్టి నేర్చుకో.

మీ బావ

మార్చి 16

బావకి,

ఊలు ముక్క చిన్నపిల్లలకి. నేను ఈగే కట్టి విసిరాను. మొదటిది నా కోటు వీపుకే తగిలింది. చెయ్యి అందక, కోటు విప్పి, నా కుట్టు నేనే విప్పుకోవాల్సి వచ్చింది. రెండోది మేనేజరు టోపీ. బాగా దూరం పోయింది, మేనేజరు కూడా వెంటే పరిగెత్తాడు. మూడోది పెద్దది బావా. గుంజితే కదల్లేదు, కర్ర వంగిపోయింది. తీరా చూస్తే వెనకాల చెట్టు. ఇప్పటికి నీ డబ్బాలో సగం ఈగలు ఆ చెట్టు మీద కాపురాలు పెట్టాయి.

నాలుగోరోజుకి తాడు ఒకసారి, ఒక్కసారే, నా వెనక తిన్నగా సాగింది. కర్ర చివర నుంచి నా అరచేతిలోకి చిన్న గుంజు వచ్చింది. ఎవరో వెనక నుంచి మర్యాదగా చొక్కా పట్టుకుని ఇక వెళ్ళు అన్నట్టు. నేను ముందుకు కదిపాను. తాడు గాలిలో ఉంగరంలా విచ్చుకుంటూ పోయి గడ్డి మీద చప్పుడు లేకుండా వాలింది. చుట్టూ ఎవరూ లేరు. చప్పట్లు నేనే కొట్టుకున్నాను.

అయినా నాకొకటి చెప్పు. ఏడేళ్ళు దాని వెంట పడ్డావు, దాని పొడవెంతో రాయలేదేం? రోడ్డు అవతల నడిచే మనిషికి ఇవతల నిలబడి ఛాతీ చుట్టుకొలత చెబుతాను నేను. టేపు మెడలో లేకపోతే నాకు అన్నం సహించదు. నువ్వేమో నది లోతు పూటపూటా రాసినవాడివి, నీ చేప పొడవు తెలియదా? పదహారంగుళాలా? ఇరవయ్యా? కోడలి గురించి అడిగితే అత్తగారు మాట దాటేసినట్టు దాటేస్తున్నావు. నువ్వు దానికి ఇచ్చే మర్యాద చూస్తుంటే అది నీ వియ్యంకుడనిపిస్తోంది.

వియ్యంకుడు కనిపించలేదు. నీళ్ళలో దిగాను, మోకాళ్ళ దాకానే. ఊరికే నిలబడలేక ఒక రాయి ఎత్తి చూశాను. రాయి అడుగున సన్నటి గొట్టాలు అతుక్కుని ఉన్నాయి, బియ్యపు గింజంత, ఇసుక రేణువులతో కట్టినవి. ఒక గొట్టంలోంచి పురుగు తల బయటపెట్టింది. వంటమనిషికి తెలుసట. ఆ పురుగు నోట్లోంచి పట్టుదారం తీసి ఇసుక రేణువులు ఒక్కొక్కటీ ఏరి తనకి తనే చొక్కా కుట్టుకుంటుందట. భూతద్దం పెట్టి చూశాను. పెద్ద రేణువు పక్కన పెద్దది, చిన్నదాని పక్కన చిన్నది, ఎక్కడా సందు లేదు. ఈ చల్లటి నీళ్ళలో, ప్రవాహంలో, సూది లేకుండా.

ముప్పై రెండేళ్ళుగా కుడుతున్నాను. ఆ పూట మిషను ముందు కూర్చుంటే కాలు ఆడలేదు.

ఈ ముక్క ఎవరికీ చెప్పకు. నా పరువు పోతుంది.

ఇట్లు, చెట్టుని పట్టిన
బావమరిది

మార్చి 21

ఏరా,

చెట్టు సంగతికి నవ్వాను. ఇసుక చొక్కా సంగతికి నవ్వలేదు. అది నాకు కనిపించడానికి ఆ నది పక్కన పదేళ్ళు పట్టింది, నీకు పన్నెండు రోజులు. మిషను పనివాడి కన్ను.

నిన్న ముప్పై ఒకటి వేశాను. మీ అక్క నలభై అంటోంది. ఆవిడ లెక్క నా నీటిమట్టం పుస్తకంలో అయితే ఈపాటికి ఊళ్ళు మునిగేవి.

నువ్వడిగిన పొడవు నాకు తెలియదు. మాట దాటేయడం లేదు. తెలియదు, అంతే.

ఇప్పుడు మిగతాది విను. చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురు చూస్తూ ఉంటుంది, కాబట్టి దిగువ నుంచి, దాని తోక వైపు నుంచి వెళ్ళు. నీ నీడ దాని మీద పడకూడదు. అడుగు ఎత్తి వేయకు, కాలు ఈడుస్తూ రాయి తడుముకుంటూ వెయ్యి. చేతిలో ఊతకర్ర ఉండాలి. నా దగ్గర ఆ రోజు లేదు, ఫలితం నీకు తెలుసు. ఈగకి ముడి వేశాక బిగించేముందు ఉమ్ముతో తడుపు, ఎండు ముడి తెగిపోతుంది. ఈగ నీళ్ళ మీద పడ్డాక పక్కన తేలే నురగ ఎంత వేగంగా పోతోందో అంతే వేగంగా పోవాలి. తాడు ఈగని ఈడ్చిందా, పిల్ల చేప కూడా నవ్వుకుంటుంది.

అసలైనది ఇది. ఈగ మాయమవగానే గుంజకు. పెద్ద చేప నెమ్మదిగా నోరు మూస్తుంది. ఒక గుక్క ఊపిరి పీల్చుకుని, అప్పుడు కర్ర ఎత్తు. మూడుసార్లూ నేను ఆ ఒక్క గుక్కా ఆగలేకపోయాను. గాలాల ముళ్ళు పట్టకారుతో నొక్కేశాను, చేపకి నొప్పి తక్కువ, సులువుగా ఊడుతుంది. ముట్టుకోవాల్సి వస్తే చేతులు తడుపుకో.

ఇంకో నెల రోజుల్లో ఎండ వాలే వేళ బూడిదరంగు ఈగలు లేస్తాయి. నీటి అడుగున ఏడాది, రెండేళ్ళు బతికిన పురుగు అది. రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజులే. ఆ రెక్కల ఈగకి పనికొచ్చే నోరు ఉండదు. తినే పని ఇక లేదు. ఎగరడం, జత కట్టడం, రాలిపోవడం. ఆ వేళకి వంతెన దగ్గర ఉండు.

మీ బావ

మార్చి 26

బావకి,

కూర్చుని చదువు. నువ్వెప్పుడూ కూర్చునే ఉంటావనుకో.

పట్టాను. నీ వియ్యంకుణ్ణే. మొన్న సాయంత్రం, మూడో స్తంభం దగ్గర. పది నిమిషాల్లో ఒడ్డుకు లాగాను. నీకు ఏడేళ్ళు పట్టిన పని నాకు ఇరవై రెండు రోజుల్లో అయిందంటే చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, నువ్వే ఊహించుకో.

పొడవు తెలియదన్నావుగా. ఇదిగో, టైలరు కొలతలు. పొడవు ఇరవై ఆరున్నర అంగుళాలు. నడుము చుట్టు పద్నాలుగు. తోక మొదట్లో అయిదుంపావు. భుజం లేదు, లేకపోతే అదీ తీసేవాణ్ణి. నమ్మవని తెలిసి ఖాకీ కాగితం మీద దాని రూపం గీసి కత్తిరించి ఇందులో మడతపెట్టి పంపుతున్నాను. కుట్టుకి అరంగుళం వదల్లేదు, అసలు కొలతే.

మధ్యాహ్నం వంటమనిషి వేయించాడు. పదకొండు మంది తిన్నాం. ముళ్ళు తక్కువ. నీ పేరు చెప్పి తోక వైపు ముక్క నేను తీసుకున్నాను.

ఇట్లు, నీ గురువు
బావమరిది

ఏప్రిల్ 2

బావమరిదికి,

కాగితం అందింది. నీ సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి మొదట నవ్వుకున్నాను. మంచం మీద పరిచి చూశాను. అప్పుడు తోక కనిపించింది.

తోక పై కొసన ఆ గంటు నీకెలా తెలిసింది? వేలిగోరంత, లోపలికి వంపు తిరిగి. దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. మీ అక్కకి చెప్పలేదు, నీకు రాయలేదు. పెట్టెలో ఏ చీటీలోనూ లేదు. చేప నీ చేతికి వచ్చి ఉంటే తప్ప నీకు తెలిసే దారి లేదు.

నేను పట్టమనలేదు. ఉందో లేదో చూడమన్నాను. తప్పు నాదే, వండొద్దని విడిగా చెప్పాల్సింది. చెప్పాలని తోచలేదు.

కర్ర నువ్వే ఉంచుకో. నాకిక దాంతో పని లేదు.

మీ బావ

ఒరేయ్ తమ్ముడూ, నేను అక్కని. అడుగున నేను చేర్చి రాస్తున్నాను, ఆయన చూడలేదు. నాలుగు రోజులుగా ఆయన మంచం దిగలేదు. వాకరు మీద తువ్వాలు ఆరేసుకుంటున్నారు. నేను లెక్కపెడతాను లేవండి అంటే, ఎక్కడికి అన్నారు. నువ్వు ఏం చేశావో నాకు తెలియదు. ఏం చేసినా నువ్వే బాగుచేయాలి.

ఏప్రిల్ 6

బావా,

అంతా అబద్ధం. చేపని పట్టలేదు. చూడనైనా లేదు. ఎవరూ ఏదీ వేయించలేదు. ఆ రోజు మధ్యాహ్నం మేం తిన్నది రొట్టె.

కాగితం బల్ల మీద వేసి నా ఇష్టమొచ్చినట్టు గీశాను. తోక కత్తిరిస్తుంటే బాయిలరు ఢామ్మని చప్పుడు చేసింది, ఉలిక్కిపడ్డాను, కత్తెర జారింది. ఆ గంటు అది. ఇంకో కాగితం తీసుకోవడానికి బద్ధకించి అలాగే పంపాను. నిజంగా నీ చేపకి అక్కడే గంటు ఉందంటే, చదివిన దగ్గర నుంచి ఆ కత్తెర ముట్టుకోలేకపోతున్నాను. నేను చేయగలిగింది ఏమీ లేదు, ఒట్టు వేయడం తప్ప. ఎవరి మీద వేయమంటే వాళ్ళ మీద వేస్తాను.

వాకరు మీద తువ్వాలు తియ్యి బావా. నీ వియ్యంకుడు అక్కడే ఉండి ఉంటాడు.

బావమరిది

ఏప్రిల్ 11

బావమరిదికి,

మీ అక్క నీకు రాసిందని నాకు తెలుసు. ఆవిడ డబ్బాలో వేయడానికి పట్టుకెళ్తుంటే చూశాను, కవరు మీద జిగురు రెండుసార్లు పెట్టి ఉంది.

నన్ను లేపడానికి రాశావు. మంచి మనసుతోనే. కాని కత్తెర జారి సరిగ్గా ఆ చోట, ఆ వంపుతో, ఆ లోతుతో గంటు పడిందని చెబితే చిన్నపిల్లాడు కూడా నమ్మడు. అబద్ధాలు ఆడడం నీకు వచ్చురా, ఓదార్చడం రాదు. ఇంతకాలంలో నువ్వు చెప్పిన ఒకే ఒక నిజం ఆ కాగితం. దాన్ని వెనక్కి తీసుకోకు.

చేప బతికి ఉందని ఇంకోసారి రాయకు.

మీ బావ

ఏప్రిల్ 22

బావా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఎండ వాలే వేళకి మిషను మీద గుడ్డ కప్పి వంతెన దగ్గరికి వెళ్తున్నాను. నా మొహం చూసి మేనేజరు జేబులో చేతులు పెట్టుకోవడం మానేశాడు. డబ్బాలో నీ ఈగలు అయిపోయాయి. దిండులోంచి బూడిదరంగు ఈక ఒకటీ, వానకోటు కాలరు ఊలు కొంచెమూ తీసి నేనే ఒకటి చుట్టాను. ముడి తడిపి బిగించాను.

ఎనిమిది రోజులు ఏమీ లేదు. నిన్న ఈగలు లేచాయి.

నువ్వు రాశావు గాని, అది చదివితే తెలిసేది కాదు. ముందు నీళ్ళ మీద ఒక్కటి కనిపించింది. తోలు వీపు దగ్గర చిట్లింది, లోపల నుంచి మడత నలగని రెక్కలు బయటికొచ్చాయి. అంత చిన్న సంచిలో అంత పెద్ద రెక్కలు ఎవరు మడిచి పెట్టారో, ఒక్క ముడత లేదు. ఆరేదాకా పడవలా తేలింది, లేచింది. ఇంకోటి. చూస్తుండగానే నది మొత్తం పైకి లేస్తున్నట్టయింది. చప్పుడు లేదు. నా టోపీ మీద, చేతుల మీద, కనురెప్పల మీద వాలాయి. నోరు లేనివి. విదిలించడానికి చెయ్యి రాలేదు.

అప్పుడు మూడో స్తంభం పక్కన నీళ్ళకి చిన్న ముడత పడింది. ఇస్త్రీ చేసిన గుడ్డ కింద ఎవరో వేలు పెట్టి కదిపినట్టు. ఒక ఈగ లేదు. మళ్ళీ ముడత. ఇంకోటి లేదు.

దిగువ నుంచి కాలు ఈడ్చుకుంటూ వెళ్ళాను. తాడు వెనక్కి వేశాను. ఆగాను బావా. వెనక నుంచి చొక్కా పట్టుకుని వెళ్ళు అనేదాకా ఆగాను. నా దిండు ఈక నిజం ఈగల మధ్యకి వెళ్ళి కూర్చుంది. ఏది నాదో నాకే తెలియలేదు. నురగతో పాటే వచ్చింది, స్తంభం నీడలోకి వెళ్ళింది, లేదు.

గుంజలేదు. ఒక గుక్క పీల్చుకున్నాను. నీ మూడుసార్ల కోసమూ ఆ ఒక్క గుక్కే పీల్చుకున్నాను. కర్ర ఎత్తాను.

ఆ తరవాతది నాకు వరసగా గుర్తులేదు. కర్ర అంత వంగుతుందని నాకు తెలియదు. రీలు ఏడ్చింది. తాడు ఇచ్చాను, తీసుకున్నాను, ఇచ్చాను. అది అడుగున ఆగి తల విదిలించినప్పుడల్లా నా మోచేతి దాకా తెలిసేది. భయం వేసింది. అది పోతుందని కాదు. నాలాంటివాడి చేతిలో ఇంత పెద్ద ప్రాణం కొస ఉందే అని.

చివరికి దానంతట అదే వచ్చినట్టు వచ్చింది. నా కాలి పక్కన, కాలి నీడలో ఆగింది. నేను వంగాను. ఒంటి మీద ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ పాలిపోయిన నీలం వలయం, ఎక్కడా ఒకదాని మీదికి ఒకటి పోలేదు. ఏ అద్దకంలోనూ ఆ రంగు చూడలేదు. కన్ను నన్ను చూసింది. కోపం లేదు, భయం లేదు, నన్ను లెక్కలో వేసుకున్నట్టు కూడా లేదు. మెడలో టేపు జారి దాని కొస నీళ్ళలో పడి దాని వీపుకి తగులుతూ తేలుతోంది. దాన్నీ అది పట్టించుకోలేదు.

తోక పై కొసన గంటు ఉంది బావా. వేలిగోరంత. లోపలికి వంపు తిరిగి. నా కత్తెర జారి పడిందనుకున్నది, నేను పుట్టించాననుకున్న అబద్ధం, నా కాలి పక్కన ఊపిరి తీసుకుంటోంది.

చెయ్యి తడుపుకున్నాను గాని ముట్టుకోవాల్సిన పని పడలేదు. తాడు వదులవగానే గాలం ఊడిపోయింది. అయినా అది వెళ్ళలేదు. అలాగే ఉంది. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. కొంచెంసేపటికి నేనూ దానితో పాటే ఊపిరి తీస్తున్నానని తెలిసింది. తరవాత తొందరేమీ లేకుండా స్తంభం నీడలోకి వెళ్ళింది. గీతల కిందికి.

ఒడ్డు మీద ఎవరూ లేరు. సాక్షి లేడు. తిరిగొచ్చి ఎవరికీ చెప్పలేదు. నువ్వు నమ్మవని తెలుసు, నమ్మించడానికి నా దగ్గర ఏమీ లేదు. అయినా నువ్వు పంపావు కాబట్టి చూసింది రాశాను.

నీ బావమరిది

ఏప్రిల్ 28

ఏరా,

నీ ఉత్తరం రాగానే అంగుళాల కోసం వెతికాను. ఇరవై ఆరున్నరని ఈసారి ముప్పై చేసి ఉంటాడు, చూద్దాం, అనుకున్నాను. మొదటి పేజీలో లేవు. రెండో పేజీలో లేవు. వెనక్కి తిప్పి అంచుల్లో చూశాను. మీ అక్కని చూడమన్నాను, ఆవిడకీ దొరకలేదు.

టేపు నీ మెడలోనే ఉందిరా. దాని కొస చేప వీపు మీద ఉంది. అది పారిపోకుండా నీ కాలి పక్కన నిలబడింది. రోడ్డు అవతల మనిషిని కూడా వదలనివాడివి, కొలవాలని నీకు తోచలేదు. తోచలేదన్న సంగతి ఇప్పుడు నేను చెబితే గాని నీకు తెలిసి ఉండదు.

పొడవు ఎందుకు చెప్పలేదని అడిగావు కదా. ఏడేళ్ళ క్రితం ఆ గడి ఎందుకు ఖాళీగా ఉండిపోయిందో, అందుకే. దాన్ని చూసినవాడి దగ్గర అంకె ఉండదు. నీ ఖాకీ కాగితంతో వచ్చిన ఉత్తరంలో మూడు అంకెలున్నాయి. ఆ రోజే నాకు తెలియాల్సింది. గంటు చూసి మోసపోయాను. ఆ గంటు ఎలా పడిందో నేను అడగను, నువ్వూ చెప్పకు. కాగితాన్ని మంచం ఎదురుగా గోడకి అంటించాను.

వాకరు మీద తువ్వాలు తీశాను. నిన్న ఈ ఇల్లు దాటి బయటికి వెళ్దామని కోటు తొడుక్కున్నాను. నువ్వు ఊరెళ్ళే ముందు ఇస్త్రీ చేసి తగిలించిన కోటు. జేబులో చెయ్యి పెట్టబోతే వెళ్ళలేదు. రెండు జేబుల మూతులూ కుట్టేసి ఉన్నాయి. రెండు నెలలుగా ఆ కోటు ముట్టుకోలేదు కాబట్టి నిన్నటిదాకా నాకు తెలియలేదు. నేను బయటికి వెళ్ళే రోజు వస్తుందని, ఆ రోజు నిన్ను తిట్టుకుంటానని అప్పుడే అనుకున్నావన్నమాట. తిట్టాను. మీ అక్క విప్పుతానంటే వద్దన్నాను, కుట్టు బాగుంది.

అందుకని ఈ ఉత్తరం పళ్ళతో పట్టుకుని, రెండు చేతులా వాకరు పట్టుకుని వెళ్ళి డబ్బాలో వేయాలి. డబ్బా వీధి చివర, మందుల దుకాణం పక్కన ఉంది. దారి తెలుసుకుందామని నిన్న అక్కడి దాకా వెళ్ళి వచ్చాను. ఎన్ని అడుగులని గుమ్మంలో నిలబడి మీ అక్క అడిగింది.

నేను లెక్కపెట్టలేదు.

మీ బావ